ఆడుకొననిత్తము



వెలిగండ్ల వైపు ఒక ఇంట హెచ్.ఐ.వి. ఉన్న మనుమని పెంచుచున్న అవ్వను దర్శించితిమి. "ఆడితే నీరసపడతాడు అయ్యగారూ. దెబ్బ తగిలి నెత్తురొస్తే ఊరంతా తెలిసిపోద్ది" అన్నది. వాడు గడపలో కూర్చుండి వీధిలోని గోలీలాట చూచుచున్నాడు. మా మనస్సాక్షి మమ్మును గద్దించెను. సండేస్కూలు ఆటలలో వానిని ప్రక్కన కూర్చుండబెట్టినది మేమే గదా!

కలిసి ఆడినందున, కలిసి తినినందున హెచ్.ఐ.వి. అంటదు. 2004లో మొదలైన ఉచిత ఏ.ఆర్.టి. మందులు క్రమముగా వాడు బిడ్డలు పరుగెత్తగలరు. గాయమైతే, ఎవరి బిడ్డకైనను, చేతికి తొడుగు వేసికొని కడిగి కట్టు కట్టుదము. ఎవరికి ఏ జబ్బున్నదో చాటకుందము.

జెకర్యా 8:4, 5 చదువుడి. ఆ యెరూషలేము వీధులలో ముదుసలులు కూర్చుందురు, పిల్లలు ఆడుకొందురు. అవ్వకును మనుమనికిని అక్కడ చోటున్నది. మన వీధిలోనో? వచ్చే ఆదివారము వానిని ఆటకు మేమే పిలిచెదము.