ప్రశ్నలోనే సగము తీర్పు

ఒక జాతి స్వాతంత్ర్యమును కోరుచున్నదా లేదా యను సంగతిని వేయిమంది నడిగి అంచనా కట్టు పద్ధతి నేడు లోకమంతట వ్యాపించినది. నూటికింతమంది యని పత్రికలు ప్రకటించును. ఆ అంకెను జూచి ఒక పక్షమువారు పొంగుదురు, వేరొక పక్షమువారు క్రుంగుదురు. అంకెను జూచుటకు ముందు ప్రశ్నను జూడవలెనని మేము మనవి చేయుచున్నాము.

ఇందుకు స్కాట్లండు తగిన నిదర్శనము. 2014 రెఫరెండమునకై అచ్చటి ప్రభుత్వము మొదట సిద్ధపరచిన ప్రశ్న, 'స్కాట్లండు స్వతంత్ర దేశము కావలెనని మీరంగీకరింతురా?' యనునది. ఎన్నికల కమిషను దానిని వోటర్లచే చదివించి పరీక్షించి, 'అంగీకరింతురా' యను మాటయే జనులను 'ఔను' వైపునకు త్రిప్పవచ్చునని 2013 జనవరిలో తెలిపెను. ఆ మాట తొలగి, 'స్కాట్లండు స్వతంత్ర దేశము కావలెనా?' యనునది నిలిచెను. స్వాతంత్ర్యవాదుల ప్రభుత్వమే యీ సవరణను అంగీకరించుట శ్లాఘనీయము.

అంకె కెంత బలము గలదో గూడ ఆ దేశమే చూపినది. 2014 సెప్టెంబరు 7వ తేదీన ప్రకటితమైన యూగవ్ సంస్థవారి గణనలో, ఎటును తేల్చుకొననివారిని మినహాయింపగా, నూటికి 51 మంది స్వాతంత్ర్య పక్షమున నుండిరి. లండను కలవరపడెను. మూడు ప్రధాన పక్షముల నాయకులును స్కాట్లండునకు పరుగెత్తిరి. మరిన్ని యధికారముల నిత్తుమని 16వ తేదీన ఉమ్మడి వాగ్దానము ప్రకటించిరి. 18వ తేదీన నూటికి 84.6 వంతున వోటర్లు తరలివచ్చిరి. వలదన్నవారు 55.3, వలెనన్నవారు 44.7. ఏండ్ల తరబడి చేసిన విన్నపములు కదల్పలేని ప్రభువులను ఒక్క అంకె కదల్చినది. గణన కొలబద్ద మాత్రమే కాదు, రాజకీయ శక్తియు నగుచున్నది.

ప్రశ్న విడిచిపెట్టిన దెంత ముఖ్యమో మన దేశము 1947లో చూచినది. ఆ జూలైలో వాయవ్య సరిహద్దు రాష్ట్రమున జరిగిన రెఫరెండము, ఇండియాయా పాకిస్తానా యని మాత్రమే యడిగెను. స్వతంత్ర పఖ్తూనిస్తానును గోరిన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాను అనుచరులు, తమ కోరిక కందు తావు లేదని దానిని బహిష్కరించిరి. వోటర్లలో సుమారు సగము మందియే పాల్గొనిరి. పాకిస్తానునకు 2,89,244 వోట్లు, ఇండియాకు 2,874 వోట్లు వచ్చెను. దూరముగ నిలిచినవారి హృదయము ఆ లెక్కలో ఎచ్చటను గానరాదు.

కావున గణనను ప్రకటించు ప్రతి పత్రికయు, ప్రశ్న యెట్లున్నది, ఎవరి సొమ్ముతో నడిగిరి, ఎందరి నడిగిరి, తేల్చుకొననివారెందరు అను నాలుగు సంగతులను అంకె ప్రక్కనే ముద్రింపవలెను. ఇవి లేని అంకె సాక్షి లేని వాఙ్మూలము వంటిది.

ఇంకొక మాట. లండను పార్లమెంటు సమ్మతి లేక స్కాట్లండు శాసనసభ మరల స్వాతంత్ర్య రెఫరెండమునకు చట్టము చేయజాలదని 2022 నవంబరులో బ్రిటిషు సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. పత్రికలు ఆ ప్రశ్నను ఎన్ని పర్యాయములైన అడుగవచ్చును. ప్రజలకు వోటుపెట్టెను తెరచుట మాత్రము ఇతరుల చేతిలోనున్నది. స్వాతంత్ర్యమే వారికి శ్రేయస్కరమని మేము తీర్పు చెప్పుట లేదు. అది స్కాట్లండు ప్రజలు నిర్ణయించుకొనవలసిన విషయము. కాని వేయిమందిని మాటిమాటికి ప్రశ్నించుచు, లక్షలమందికి జవాబు చెప్పు దారిని మూసియుంచుట ప్రజాస్వామ్యము కానేరదు. గణన నాడి చూచుటకే; తీర్పు చెప్పవలసినది వోటు.