పరీక్ష పిల్లలకా, ప్రశ్నకా?



వీడియో గేమ్ మార్కెట్లోకి రాకముందే దానికొక పరీక్ష ఉంటుంది. కొత్తవాళ్లను కూర్చోబెట్టి ఆడమంటారు. పక్కనుంచి గమనిస్తూ రాసుకుంటారే తప్ప సాయం చేయరు. ఆడేవారు తికమకపడితే ముందుగా గేమ్‌లోనే లోపం వెతుకుతారు. హోంవర్క్ దగ్గర మనమూ ఇలాగే చూడాలని నా అభిప్రాయం.

వెబ్‌సైట్లు, సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించే పద్ధతులనే గేమ్‌లకు తగ్గట్టు మార్చుకున్నారు. రైలు టికెట్ బుక్ చేసేచోట ఏ కష్టమూ ఉండకూడదు. గేమ్‌లో కష్టం లేకపోతే ఆటే లేదు. అందుకే వాళ్లు కష్టాన్ని రెండుగా విడదీస్తారు. శత్రువును ఓడించడం కష్టంగానే ఉండాలి. ఏ బటన్ నొక్కాలో తెలియని కష్టం మాత్రం ఉండకూడదు. వెబ్‌సైట్ పరీక్షలో మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయమంటారు. వేగంగా సాగే ఆటలో మాట్లాడితే ఆట చెడుతుంది కాబట్టి, ముందు ఆడనిచ్చి తర్వాత అడుగుతారు.

2007లో విడుదలైన హేలో 3నే తీసుకోండి. అది పెద్దల ఆట, పిల్లలకు ఇమ్మనడం లేదు. దాన్ని సుమారు 600 మందితో 3,000 గంటలకు పైగా ఆడించి చూశారు. ఒకచోట ఆటగాళ్లకు తూటాలు అయిపోతున్నాయి. గురి చేతకాదేమో అనిపిస్తుంది. గమనిస్తే, తూటా చేరనంత దూరం నుంచే కాలుస్తున్నారు. అప్పుడు శత్రువు అందేంత దగ్గరకొస్తే గురి గుర్తు ఎర్రగా మారేలా చేశారు. తుపాకీ మార్చలేదు, ఆటగాడికి తెలియనిది తెలియజేశారు.

ఇక మన నాలుగో తరగతి లెక్క. 50 లడ్డూలను డబ్బాకు 8 చొప్పున సర్దితే ఎన్ని మిగులుతాయని తెలుగులో అడిగితే ఠక్కున 2 అనే పాప, పుస్తకంలో 'రిమైండర్' అన్న మాట దగ్గర ఆగిపోవచ్చు. మనం 'మ్యాథ్స్‌లో వీక్' అనేస్తాం, ట్యూషన్ పెట్టిస్తాం. నిజానికి పాప ఆగింది లెక్క దగ్గర కాదు, ఇంగ్లిష్ దగ్గర. ఆ 'వీక్' అన్న ముద్రను చివరికి పాప కూడా నమ్మేస్తుంది.

పరీక్ష ఇంగ్లిష్‌లోనే కదా అంటారా? నిజమే. కానీ ఒక మాట నేర్పడానికి ఐదు నిమిషాలు చాలు, దానికి ఏడాది ట్యూషన్ ఎందుకు?

ఈ ఆదివారం పావుగంట పక్కన కూర్చోండి. పెన్సిల్ మీ చేతిలోకి తీసుకోకండి. 'అర్థమైందా?' అని అడగకండి, ఆ ప్రశ్నకు ఏ పిల్లలైనా 'ఆ' అనే అంటారు. ఎక్కడ ఆగారో, ఏ లైను మళ్లీ చదివారో గమనించండి. అయ్యాక ఆ లైను చూపించి 'ఇక్కడ ఏమనుకున్నావు నాన్నా?' అని అడగండి. అదే ప్రశ్న తెలుగులో వేసి చూడండి. చెప్పేస్తే, ఆ ఇంగ్లిష్ మాట నేర్పండి. అప్పటికీ రాకపోతే అది లెక్కలోని కష్టం, ఉండాల్సిన కష్టమే. కాసేపు కుస్తీ పట్టనివ్వండి. తొందరపడి జవాబు చెప్పేయకండి.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 గేమ్‌లో ఆట నేర్పే భాగాన్ని పరీక్షించినప్పుడు, లోపం స్పష్టంగా తెలిస్తే వెంటనే సరిచేసి తర్వాతి వ్యక్తితో ఆడించి చూశారు. మనమూ యూనిట్ టెస్ట్ దాకా ఆగక్కర్లేదు. పిల్లలు ఆగినచోట చిన్న గుర్తు పెట్టి, ఆ నోట్‌బుక్‌ను పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి. మార్కుల షీట్ చెప్పని సంగతులు అందులో ఉంటాయి. మేమిచ్చిన వర్క్‌షీట్‌లో వాక్యమే తికమకగా ఉందని తేలితే, దిద్దుకోవాల్సింది మేమే.