‘వచ్చిండు’ తప్పా? ‘వచ్చాడు’ ఒప్పా?

ఫ్రెండ్స్ గ్రూపులో ఎవరైనా ‘అన్న వచ్చిండు’ అని పెట్టారనుకోండి. వెంటనే ఒకరు దిగిపోతారు: ‘వచ్చిండు కాదు బ్రో, వచ్చాడు అనాలి!’ మా జూలూరుపాడు వైపు ఈ పంచాయితీ ఇంకా ఎక్కువ. మాది తెలంగాణే అయినా ఆంధ్రా సరిహద్దు మరీ దూరం కాదు. అందుకే ఇక్కడ రెండూ వినిపిస్తాయి. ఇంతకీ ఏది కరెక్ట్?

కాస్త వెనక్కి వెళ్దాం. పాత పుస్తకాల్లో, తెలుగు బైబిల్లో ‘వచ్చెను’, ‘చెప్పెను’ అని ఉంటుంది కదా. ఇప్పుడు ‘అమ్మా, ఆకలి వేసెను’ అంటే ఇంట్లో అందరూ నవ్వుతారు. మాటల్లో దాని చోటు ‘వచ్చినాడు’కి దక్కింది. దాని అసలు అర్థం ‘వచ్చిన వాడు’. మనిషిని చెప్పే మాటే మెల్లగా జరిగిపోయిన పనిని చెప్పే క్రియ అయిపోయింది.

ఆ ‘వచ్చినాడు’ కోస్తాలో నలిగి ‘వచ్చాడు’ అయింది. తెలంగాణలో ‘వచ్చినడు’, ఆపైన ‘వచ్చిండు’ అయింది. రాయలసీమలో ‘వచ్చినాడు’ ఇప్పటికీ వినిపిస్తుంది. డౌటుంటే మన మిగతా మాటలు చూడండి: నేను వచ్చిన, నువ్వు వచ్చినవ్, వాళ్లు వచ్చిన్రు. అన్నింట్లో ఆ పాత ‘న’ భద్రంగా ఉంది. ‘వచ్చాడు’లోనే అది మాయమైంది!

ఈ మార్పులు మన దగ్గరే కాదు. ఫ్రెంచ్ వాళ్ల పాత భూతకాలం ఒకటి ఇప్పుడు నవలల్లో, కథల్లోనే మిగిలింది. మాటల్లో ‘తిన్నాను’ అనడానికి ‘కలిగి ఉన్నాను’ అనే క్రియను సాయం తెచ్చుకుంటారు. స్పానిష్‌లో ‘కంతార్’ అంటే పాడటం. దానికి అదే ‘కలిగి ఉన్నాను’ అతుక్కుని ‘కంతరే’ అయింది, అంటే పాడతాను. ఇప్పుడు మాటల్లో దాన్నీ పక్కకు నెట్టి ‘వోయ్ ఆ కంతార్’ అంటున్నారు. అక్షరాలా ‘పాడటానికి వెళ్తున్నా’ అన్నమాట.

మనమూ అదే చేశాం. ‘చేస్తూ ఉన్నాను’ అతుక్కుని ‘చేస్తున్నాను’ అయింది. చాటింగ్‌లో ఇంకా అరిగి ‘చేస్తున్నా’ అయింది. బస్సెక్కేది రేపైనా ‘రేపు వస్తున్నా’ అని ఇవాళే మెసేజ్ పెడతాం. వర్తమానంతోనే భవిష్యత్తు నడిపించేస్తున్నాం!

మరి ‘వచ్చాడు’కే ఎందుకంత మర్యాద? వ్యాకరణం వల్ల కాదు. పేపర్లు, పాఠాలు ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల మాటను పట్టుకున్నాయి. సినిమాలేమో చాలాకాలం తెలంగాణ మాటను రౌడీలకు, కామెడీకి ఇచ్చాయి. దాని ఫలితం చూస్తూనే ఉన్నాం. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే ప్రతి క్రియ దగ్గరా ఆగి, లోపల దిద్దుకుని మాట్లాడుతుంది. వచ్చిన జవాబు కూడా సగం గొంతులోనే ఆగిపోతుంది. అదీ అసలు నష్టం.

పరీక్షలో పుస్తకం భాష రాయండి, తప్పులేదు. కానీ ఈసారి గ్రూపులో ఎవరైనా ‘వచ్చిండు’ని దిద్దడానికి దిగితే ‘వచ్చినాడు’ అని రిప్లై పెట్టండి. వాళ్ల మాటకీ మన మాటకీ అమ్మ అదే.