కంపైలరు వ్రాసిపెట్టే పిలుపులు

కంప్యూటరు ప్రోగ్రాములో ఒక పనికి కావలసిన ఆదేశాల కట్టను ‘మెథడ్’ అంటారు. ఆ పని కావలసిన చోటల్లా దానిని పేరుపెట్టి పిలవాలి. జీతాల ప్రోగ్రామునే తీసుకుందాం. మూల వేతనం, కరువు భత్యం, చేరిన తేదీ, కోతలు: ఒక్కొక్కటి రిజిస్టరు కెక్కడానికి ఒక్కొక్క పిలుపు. రేపు మరొక భత్యం చేర్చి, దాని పిలుపు వ్రాయడం మరచిపోతే ప్రోగ్రాము ఆగదు. రిజిస్టరులో ఆ భత్యం మాత్రం ఉండదు.

‘రిఫ్లెక్షన్’ అనే పాత ఉపాయంలో ప్రోగ్రాము నడుస్తూనే పేరునుబట్టి మెథడ్‌ను వెతికి పిలుస్తుంది. పేరులో అక్షరం తప్పితే, ఆ సంగతి నడిచిన రోజునగాని బయటపడదు.

సీ షార్ప్ భాషకు మైక్రోసాఫ్ట్ వారు ‘రోజ్లిన్’ అనే కంపైలరును తయారుచేసి, 2014లో దాని మూలాన్ని అందరికీ తెరిచిపెట్టారు. అంతకు పూర్వం కంపైలరు మూసిన పెట్టె. ఇప్పుడు తాను గ్రహించినదంతా అడిగితే చెబుతుంది. అందులో రెండు మెట్లున్నవి. మొదటిది ‘సింటాక్స్ ట్రీ’. అనగా వాక్యంలో ఏ మాట ఎక్కడున్నదో చెప్పేది. రెండవది ‘సెమాంటిక్ మోడల్’. ఆ మాటకు అర్థమేమిటో చెప్పేది. “నా పాలు ఏది?” అంటే అడిగినది వంటింట్లోనా, ఆస్తి పంపకంలోనా తెలియాలి గదా! అట్లే ఒకే పేరుతో అంకె పుచ్చుకొనే మెథడొకటి, తేదీ పుచ్చుకొనే మెథడొకటి ఉండవచ్చు. ఏది తగినదో రెండవ మెట్టు తేల్చుతుంది.

2020లో సీ షార్ప్ 9తోబాటు ‘సోర్స్ జనరేటర్లు’ వచ్చినవి. ఇవి మన ప్రోగ్రామును చదివి, అందులోని అంశాలన్నిటినీ ఏరి, ఒక్కొక్కదానికీ తగిన పిలుపు వ్రాసి కొత్త ఫైలుగా చేరుస్తవి. మనం వ్రాసినదానిని దిద్దవు. చేర్చడమే వీటి పని. కొత్త భత్యం చేరితే దాని పిలుపూ తానే వస్తుంది. వ్రాసిన పిలుపులో పేరు తప్పినా, అంకె ఉండవలసిన చోట తేదీ పడినా, ప్రోగ్రాము బయటికి పోకముందే కంపైలరు పట్టుకుంటుంది.

అయితే ఒక్క మాట. మూల వేతనమూ అంకే, కోతా అంకే. జనరేటరును తయారుచేసినవారు ఒకదాని గడిలో మరొకటి పెట్టమంటే, కంపైలరు కిక్కురుమనదు. పైగా ఆ తప్పు ఒక్కరి లెక్కలో కాదు, అందరి లెక్కలోనూ పడుతుంది. కనుక ఈ పనిలో ఉన్న మన యువతీయువకులకు చెప్పేదొకటే: యంత్రం వ్రాసిన ఫైలునుకూడ తెరిచి చదవండి, ఒక ఉద్యోగి జీతమైనా చేత్తో లెక్కగట్టి సరిచూడండి. నెల జీతంమీదనే ఇల్లు గడిచేవారు ఆ రిజిస్టరులో ఉంటారు.