పందిరి వేసేవాడికి పట్టింపులెందుకు?

కల్యాణమంటపాల వాళ్లకు ఈమధ్య చట్టం మీద హఠాత్తుగా భక్తి పుట్టుకొచ్చింది. బిల్లు అడిగితే నసిగేవారే, ఇద్దరు ఆడపిల్లల పెళ్లి వేడుకకు హాలు కావాలంటే మాత్రం "చట్టం ఒప్పుకోదు సార్" అంటున్నారు. హోసూరులో ఒక యజమాని మా చెల్లెలి కూతురి సంగతంతా విని అడ్వాన్సు పుచ్చుకుని, వారం పోయాక ఈ మాటే చెప్పి చేతులు దులుపుకున్నాడు.

చట్టం ఏమంటోందో చూద్దాం. స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అటువంటి పెళ్లికి చట్టబద్ధత కల్పించడం చట్టసభల పని అని 2023 అక్టోబరు 17న చెప్పింది. అంటే రిజిస్ట్రారు సర్టిఫికెట్ ఇవ్వడు, అంతే. వేడుక చేసుకోవద్దని ఏ కోర్టూ అనలేదు. ఆ కేసు వేసిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులోనే హైదరాబాదు శివార్లలో బంధుమిత్రుల నడుమ వేడుక చేసుకున్నారు. పందిరి వేసినవాళ్లను ఎవరూ జైల్లో పెట్టలేదు.

నేను బి.కాం. చదివినవాణ్ణి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందానికి కావలసింది మైనారిటీ తీరిన వయసు, మతిస్థిమితం, ప్రతిఫలం, అక్రమం కాని ఉద్దేశం. వరుడు ఉండాలని అందులో లేదు. మంటపం యజమాని చేసేది కన్యాదానం కాదు, హాలు అద్దెకివ్వడం. శుభలేఖలో రెండుసార్లు "చి.ల.సౌ." వేస్తే అచ్చాఫీసులో సిరా ఎక్కువ ఖర్చవుతుందా?

ఇష్టంలేని ప్రైవేటు యజమానిని బలవంతం చేసే సూటి చట్టం మనకు లేదు. అందుకే మనుషులను చూసి ఎంచుకోవాలి. అయితే కాదనేవాడు మొదటిరోజే కాదనాలి. డబ్బు పుచ్చుకున్నాక మాట తప్పితే నష్టపరిహారం ఇచ్చుకోవాలి. 73వ సెక్షను చెప్పేది అదే.

పుట్టినరోజని చెప్పి హాలు తీసుకొమ్మని కొందరు పెద్దలు సలహా ఇస్తున్నారు. ఇది మరీ ప్రమాదం. అబద్ధం చెప్పి రాయించుకున్న ఒప్పందాన్ని అవతలివాడు రద్దు చేసుకోవచ్చు. పైగా పీటల మీది పిల్లలు సన్నాయి వాయించేవాడి ముఖం చూసి బెదురుతూ కూర్చోవాలా?

కనుక రేటు అడిగే ముందే "ఇద్దరూ అమ్మాయిలే, మీవాళ్లంతా మర్యాదగా మసలుకుంటారా?" అని అడగండి. నీళ్లు నమిలినవాణ్ణి, ఎంత చౌకైనా సరే, వదిలేయండి. మాకు దొరికిన వంటాయన ఇది విని అడిగింది ఒక్కటే: "ఎన్ని విస్తర్లు?" అటువంటివాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. ఒప్పుకున్నవాళ్ల దగ్గర ఇద్దరి పేర్లతో, వేడుక ఏమిటో స్పష్టంగా రాయించుకోండి. అనుమతి లేకుండా ఫొటోలు ఎవరికీ చూపకూడదని కూడా రాయించండి. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

ఇటువంటి జంట ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టు 28న తేల్చి చెప్పింది. పాసుపుస్తకంలో పక్కపక్కన ఇమిడిన రెండు పేర్లు శుభలేఖలో ఇమడవా?