దీప్తి తర్వాత ఎవరు?
పారిస్ పారాలింపిక్స్‌లో 2024 సెప్టెంబరు 3న 400 మీటర్ల టీ20 (మేధో వైకల్య విభాగం) పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచిన వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్‌-2 ఉద్యోగం ప్రకటించడం సముచితం. మేధో వైకల్యంతో పారాలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయురాలామె. చిన్ననాడు ఎదురైన హేళనలను దాటుకొని వచ్చిన ఆమెను కోచ్ నాగపురి రమేశ్ చేరదీసి తీర్చిదిద్దారు. ప్రతి బిడ్డకూ అటువంటి గురువు తారసపడడు. మేధో వైకల్యం ఉన్నవారికి పారిస్‌లో అవకాశమున్న ఆటలు మూడే: అథ్లెటిక్స్, టేబుల్ టెన్నిస్, ఈత. వీటిలో ఈతనే చూద్దాం: వారందరికీ ఎస్‌14 అనే ఒకే తరగతి. అందులో దిగడానికి కొలనూ కోచూ ఉంటే చాలదు. ఐక్యూ 75కు మించలేదనీ, రోజువారీ వ్యవహారాల్లోనూ ఇబ్బంది ఉందనీ మానసిక నిపుణులు నిర్ధారించిన పత్రాలు కావాలి. ఆదిలాబాద్ గూడేల్లోని తల్లిదండ్రులు వాటికోసం ఎవరి గడప తొక్కాలి? క్రీడల్లో దివ్యాంగులకు చోటు కల్పించే బాధ్యతను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 30వ సెక్షన్‌లో, ప్రభుత్వాలపైనే ఉంచింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా కేంద్రాల్లో ఏటా నిర్ధారణ శిబిరాలు జరపాలి. ప్రభుత్వ ఈత కొలనుల్లో ఈ పిల్లలకంటూ వేళలు కేటాయించి, వారికి నేర్పడం తెలిసిన కోచ్‌లను నియమించాలి. అందుకు వచ్చే బడ్జెట్‌లోనే నిధులు చూపాలి.