మీరడిగారు – మేం చెప్పాం: హీరోగారికి చెమటలు!

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్ కోసం అప్పుచేసి కొత్త లాప్‌టాప్ కొన్నాను. పరుపుమీద పెట్టుకుని అరగంట రెండరింగ్ చేస్తే గ్రాఫిక్స్ కార్డు నిప్పులకుంపటి! పని నత్తనడక. పోటీ గడువు పదిరోజులే. విప్పి చూడనా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఆగండి సోదరా! స్క్రూడ్రైవర్ కింద పెట్టండి. విప్పితే వారంటీకి పేచీ రావచ్చు. ఆర్క్‌లైట్ల కింద హీరోగారికి చెమట పట్టినట్టే, బరువైన పనిలో కార్డు 80 డిగ్రీలు దాటడం మామూలే. మరీ వేడెక్కితే తనే వేగం తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంటుంది. మీ నత్తనడక రహస్యం అదే!

ముందు పరుపు దించండి. గాలి పీల్చే రంధ్రాలు అడుగునే ఉంటాయి మరి! బల్లమీద పెట్టి వెనకభాగం కాస్త ఎత్తండి. ఫ్యాన్ స్పీడు పెంచండి. డ్రైవర్లు కొత్తవి వేయండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో వేడి ఎంతుందో చూస్తుండండి.

ఏ పనీ లేనప్పుడు కూడా సలసల కాగుతున్నా, తనంతట తానే ఆగిపోతున్నా లోపం మీది కాదు, సరుకుది. ఆ అంకెలు ఫోటో తీసి, మార్చి ఇచ్చే గడువు దాటకముందే మొహమాటం లేకుండా కొట్టువాణ్ణి నిలదీయండి. ఈలోగా ఫిల్మును ముక్కలు ముక్కలుగా రెండర్ చేసుకోండి. మంటలు క్లైమాక్సులో ఉండాలి గానీ మీ ఒళ్ళో కాదుగా!